ఉల్క లేబుల్ మీది అక్షరాలు ఎలా చదవాలి, రాతి ఉల్కల సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి

ప్రశ్న, క్లుప్తంగా: మాది మంగళగిరి, బీటెక్ మూడో సంవత్సరం. ఆన్‌లైన్‌లో రెండు రాతి ఉల్క ముక్కలు కొన్నాను. ఒకదాని లేబుల్ మీద "ఎన్‌డబ్ల్యూఏ 869, ఎల్3–6" అని ఉంది. రెండోదాని మీద "హెచ్5, ఎస్2, డబ్ల్యూ3" అని మాత్రమే ఉంది. వీటి అర్థం ఏమిటి? ప్రపంచంలో ఉన్న రాతి ఉల్కలన్నీ రకానికొకటి చొప్పున సేకరించాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి? ఇంకోటి, సత్తెనపల్లి దగ్గర మా బాబాయి పొలంలో రెండు కిలోల నల్లరాయి దొరికింది. అయస్కాంతం కాస్త పట్టుకుంటోంది, అక్కడక్కడా చిన్న చిన్న రంధ్రాలున్నాయి. ఉల్కేనా?

సమాధానం:

ముందు ఆ రెండో ముక్క సంగతి చూద్దాం. అమ్మినవాళ్ళను వెంటనే దాని పేరు అడగండి. వర్గీకరణ జరిగేది పేరున్న ఉల్కకే. మెటియొరిటికల్ సొసైటీ అని అంతర్జాతీయ సంస్థ ఒకటి ఉంది. వాళ్ళ నామకరణ సంఘం ఆమోదించి బులెటిన్‌లో ఎక్కించాకే ఒక రాయికి పేరు, రకం రెండూ ఖాయమవుతాయి. ఆ బులెటిన్ డేటాబేస్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేరు తెలిస్తే దొరికిన చోటు, మొత్తం బరువు, రకం అన్నీ మీరే చూసుకుని లేబుల్‌తో పోల్చుకోవచ్చు. పేరు లేకుండా హెచ్5 అని మాత్రమే ఉందంటే అసలు లేబుల్ ఎక్కడో పోయి ఉండాలి, లేదా అమ్మేవాళ్ళు కంటితో చూసి అంచనా వేసి ఉండాలి. ఎస్2 కూడా కంటి అంచనాయే అయితే వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. మైక్రోస్కోప్ కింద పెట్టకుండా ఆ అంకె తేల్చడం ఎవరివల్లా కాదు.

ఇక అక్షరాల సంగతి. ఆకాశం నుంచి పడుతుండగా మనుషులు చూసి ఏరుకున్న ఉల్కల్లో నూటికి 94 దాకా రాతివే. ఇనుపవి ఐదు, రాయీ ఇనుమూ కలగలిసినవి ఒకటి వేసుకోండి. రాతివాటిలోనూ ఎక్కువ భాగం కాండ్రైట్లు. వీటి లోపల కాండ్రూల్స్ అనే చిన్న గుండ్రటి పూసలుంటాయి. గ్రహాలు ఇంకా తయారవని కాలంలో, సూర్యుడి చుట్టూ తిరుగుతున్న ధూళి కరిగి బొట్లుగా మారి గడ్డకడితే ఇవి ఏర్పడ్డాయి. ధూళిని కరిగించిన వేడి ఎక్కడిదన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. సౌరకుటుంబంలో వయసు కొలిచిన వాటన్నిటిలో పాతవైన తెల్లటి మచ్చలు కూడా కాండ్రైట్లలోనే దొరికాయి. వాటి వయసు దాదాపు 456.7 కోట్ల ఏళ్ళు.

హెచ్, ఎల్, ఎల్‌ఎల్ అనేవి ఇనుము లెక్కలు. హెచ్ రకంలో మొత్తం ఇనుము బరువులో 25–31 శాతం, ఎల్‌లో 20–25, ఎల్‌ఎల్‌లో 19–22 ఉంటుంది. అయితే కంటికి తేడా తెలిసేది ఈ మొత్తం అంకెలతో కాదు. ఆ ఇనుములో ఎంత లోహంగా మిగిలింది, ఎంత ఖనిజాల్లో కలిసిపోయింది అన్నదే చూడాలి. హెచ్ ముక్కను పాలిష్ చేస్తే లోహపు చుక్కలు దట్టంగా మెరుస్తాయి. ఎల్‌లో సగానికి సగం తగ్గుతాయి. ఎల్‌ఎల్‌లో వెతుక్కోవాలి. ల్యాబ్‌లోనైతే ఒలివిన్ ఖనిజంలో ఇనుము పాలు కొలిచి తేలుస్తారు. లోహం తగ్గే కొద్దీ ఒలివిన్‌లో ఇనుము పెరుగుతుంది.

ఈ మూడు రకాల పక్కనున్న అంకె 3 నుంచి 6 దాకా పోతుంది. వాన్ ష్మస్, వుడ్ అనే ఇద్దరు 1967లో పెట్టిన పద్ధతి ఇది. పుట్టిన గ్రహశకలం లోపల ఆ రాయి ఎంత కాగిందో ఈ అంకె చెబుతుంది. టైప్ 3లో పూసలు పూసల్లాగే ఉంటాయి. 4, 5, 6 అంటూ పోయే కొద్దీ, సగ్గుబియ్యం ఉడికినప్పుడు గింజ అంచు పాయసంలో కలిసిపోయినట్టు, కాండ్రూల్ అంచులు చుట్టూ ఉన్న పదార్థంలో కరిగిపోతాయి. టైప్ 6 రాళ్ళు 800–950 డిగ్రీల దాకా కాగాయని అంచనా. 1, 2 అంకెలు మాత్రం వేడికి కాదు, నీటికి. గ్రహశకలం లోపలి మంచు కరిగి ఖనిజాలను మార్చేసిన రాళ్ళవి. అందుకే ఈ స్కేలుకు 3 దగ్గర మధ్యస్థానం. అటూ ఇటూ పోయే కొద్దీ రాయి తన పుట్టుక నాటి రూపానికి దూరమవుతుంది.

టైప్ 3 లోపల మళ్ళీ 3.0 నుంచి 3.9 దాకా చిన్న మెట్లున్నాయి. ఆ మెట్లలో అట్టడుగున, 3.00 దగ్గర, ప్రపంచమంతా ఉదాహరణగా వాడే రాయి మన దేశంలో పడ్డదే. 1940 అక్టోబరు 26న మధ్యప్రదేశ్‌లో పడిన సెమర్కోనా, ఎల్‌ఎల్3.00. కిలో కూడా లేదు. సౌరకుటుంబం పుట్టుక గురించి పరిశోధన చేసేవాళ్ళకు ఆ ముక్కలో ఒక్క మిల్లీగ్రాము దొరికినా పండగే.

ఇప్పుడు మీ ఎన్‌డబ్ల్యూఏ 869 బయటకు తీయండి. పది రెట్ల భూతద్దం కావాలి, నగల పని చేసేవాళ్ళు కంటికి ఆనించుకునేది. పొద్దున పది లోపు కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయినే దగ్గరికి తెచ్చుకోండి. కోసిన ముఖాన్ని ఎండలో మెల్లగా తిప్పుతుంటే వెండి రంగులో తళుక్కుమనేవి ఇనుము–నికెల్ రేణువులు. ఇత్తడి ఛాయలో మందంగా మెరిసేది ట్రోయిలైట్, అంటే ఐరన్ సల్ఫైడ్. వాటి మధ్య బూడిద రంగు, లేత ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో మిల్లీమీటరు అటూ ఇటూ గుండ్రాలు కనిపిస్తాయి. కొన్ని పూర్తి వృత్తాలు, కొన్ని పగిలిన సగాలు. ఇంకాస్త చూడండి. లేత రంగు పెచ్చులు కొన్ని ఉంటాయి, వాటిలో గుండ్రాలు దాదాపు కనిపించవు. వాటిని పట్టుకుని ఉన్న ముదురు భాగంలో గుండ్రాలు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటాయి. ఆ లేత పెచ్చు బాగా కాగిన 5, 6 రకం, ముదురు భాగంలో కాగనిది ఎక్కువ. గ్రహశకలం ఉపరితలం మీద దెబ్బలకు విరిగిన రకరకాల ముక్కలు మళ్ళీ అతుక్కుని ఒకే రాయి అయ్యాయి. లేబుల్ మీద 3–6 అని రాసింది అందుకే. సహారాలో టన్నుల కొద్దీ దొరికింది కాబట్టి ఇది చవక. చవకది కదా అని చులకన చేయకండి, పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి రాయి నాకు తెలీదు.

ఎస్ అంటే దెబ్బ. అంతరిక్షంలో ఇంకో శకలం వచ్చి గుద్దినప్పుడు ఖనిజాలు ఎంత నలిగాయో ఎస్1 నుంచి ఎస్6 దాకా చెబుతారు. రాతి నుంచి పలచటి పొర (సెక్షన్) తీసి, ధ్రువీకృత కాంతిలో ఒలివిన్ గింజ మెరుపు ఎలా ఆరిపోతుందో చూసి అంకె వేస్తారు. కంటితో పట్టుకోగలిగేది సన్నటి నల్లటి నరాలనే, అదీ గట్టి దెబ్బ తిన్న రాళ్ళలో. ఎల్ రకం రాళ్ళలో ఇవి ఎక్కువ. సుమారు 47 కోట్ల ఏళ్ళ కిందట వాటి తల్లి శకలం బద్దలైంది. ఆ ముక్కలు అప్పట్లోనే భూమ్మీద కురిసి, స్వీడన్‌లో సముద్రపు అడుగు సున్నపురాయిలో శిలాజాల్లా ఇరుక్కుపోయాయి. అక్కడ గచ్చు పలకల కోసం రాయి తవ్వే క్వారీలో ఇప్పటికీ బయటపడుతుంటాయి. మన పల్నాడు నాపరాయిలోనూ ఉంటాయేమోనని సుత్తి పట్టుకుని బయలుదేరకండి, ఆ రాయి ఈ సంఘటన కంటే చాలా ముందటిది.

డబ్ల్యూ అంటే భూమ్మీదకు వచ్చాక పట్టిన తుప్పు. మీ రెండో ముక్కను ఇంట్లోనే పరీక్షించడానికి ఇదే దారి. డబ్ల్యూ3 అంటే లోహంలో 60 నుంచి 95 శాతం తుప్పుగా మారిపోయి ఉండాలి. 20 నుంచి 60 అయితే డబ్ల్యూ2, 95 దాటితే డబ్ల్యూ4. ఒక మూల 400, ఆ తర్వాత 1000 నంబరు ఎమెరీ కాగితం మీద నీళ్ళు లేకుండా అరగదీసి భూతద్దంతో చూడండి. వెండి చుక్కలు దట్టంగా, శుభ్రంగా మెరుస్తుంటే అది డబ్ల్యూ3 కాదు, లేబుల్ వేరే రాయిది. ముదురు గోధుమ రంగు మధ్య అక్కడక్కడా లోహం మిగిలి ఉంటే లేబుల్ నిజమయ్యే అవకాశం ఉంది. అప్పుడు కూడా అది హెచ్ అని మాత్రం దాంతో తేలదు. తుప్పు బాగా పట్టాక హెచ్‌కీ ఎల్‌కీ తేడా కంటికి అందదు. ఎవరైనా అందుతుందంటే నమ్మకండి.

కాండ్రైట్ల గురించి ఇంత చెప్పాను కదా, మిగతా రాతి ఉల్కల గురించి చెప్పేముందు మన ఊళ్ళ సంగతి ఒకటి. 1997 డిసెంబరు 13న విస్సన్నపేటలో ఒక ఉల్క పడింది. నూజివీడు దాటి తిరువూరు వైపు వెళ్ళే దారిలో ఉంటుందే, ఆ విస్సన్నపేటే. అప్పుడు కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. బరువు కిలోమూడు వందల గ్రాములు. ప్రపంచ డేటాబేస్‌లో మన ఊరి పేరుతోనే ఉంది. రకం యూక్రైట్. మామిడి తోటలకు తప్ప ఆ ఊరికి ఇంకే పేరూ లేదనుకునేవాళ్ళకు ఇది చెప్పండి.

యూక్రైట్‌లో కాండ్రూల్స్ ఉండవు. తల్లి శకలం పూర్తిగా కరిగి, బరువైన లోహం లోపలికి దిగిపోయాక, పైన లావా గడ్డకట్టి ఏర్పడిన రాయి. మన దక్కను బసాల్టుకు దూరపు చుట్టం అనుకోవచ్చు, కాకపోతే వయసు 450 కోట్ల ఏళ్ళ పైన. ఈ రకం, దీని తోబుట్టువులైన డయోజెనైట్, హోవర్డైట్ రాళ్ళు వెస్టా అనే పెద్ద గ్రహశకలం నుంచి వచ్చాయని టెలిస్కోపు వర్ణపటాల ఆధారంగా చాలాకాలంగా అనుకుంటున్నారు. 2011లో నాసా డాన్ నౌక వెస్టా చుట్టూ తిరిగి కొలిచిన తర్వాత ఆ మాట బలపడింది.

మీకు దీనితో అవసరం ఏమిటంటే, యూక్రైట్‌లో లోహం దాదాపు ఉండదు. అయస్కాంతం దానికి అంటుకోదు. "ఉల్క అయితే అయస్కాంతం పట్టాలి" అని యూట్యూబ్‌లో చెప్పే పరీక్ష పెడితే, మన జిల్లాలో పడిన ఉల్క ఆ పరీక్షలోనే తప్పుతుంది. మరోవైపు అదే పరీక్షలో మన ఆటోనగర్ చిట్టెం, అంటే ఇనుము కరిగించాక మిగిలే మడ్డి, ఫస్టు క్లాసులో పాసవుతుంది. అందుకే బయటి లక్షణాలతో తీర్పు చెప్పకూడదని అంటాను. అయస్కాంతం, బరువు, నలుపు ఇవన్నీ అనుమానం పుట్టించడానికే పనికొస్తాయి. తీర్పు కోసిన ముఖం దగ్గర మొదలై ల్యాబ్‌లో పూర్తవుతుంది.

ఆకాండ్రైట్లలో, అంటే యూక్రైట్‌లాగా కాండ్రూల్స్ లేని రాతి ఉల్కల్లో, ఇంకా చాలా ఉన్నాయి. చందమామవి, కుజుడివి అందరికీ తెలుసు. కుజుడి రాళ్ళలో ఒక పెద్ద వర్గానికి షెర్గొటైట్లు అని పేరు. 1865లో బీహార్‌లోని షేర్‌ఘాటీలో పడిన రాయి వల్ల ఆ పేరొచ్చింది. అది కుజుడిదని వందేళ్ళ పైన ఎవరికీ తెలీదు. అంటార్కిటికాలో దొరికిన ఇదే వర్గం రాయిలో గాజులో చిక్కుకున్న వాయువు, వైకింగ్ నౌకలు కుజుడి మీద కొలిచిన గాలితో సరిపోయిందని 1983లో తేలాక కథ మలుపు తిరిగింది. 2022 ఆగస్టులో గుజరాత్‌లోని దియోదర్‌లో పడినది ఆబ్రైట్, చాలా అరుదు. దానికి ముందు మన దేశంలో పడిన ఆబ్రైట్ 1852లో ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ రాయి. ఆ రాయిలో బయటపడిన కాల్షియం సల్ఫైడ్ ఖనిజానికి అప్పటి జియలాజికల్ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ పేరు మీద ఓల్డ్‌హామైట్ అని పెట్టారు.

కార్బన్ కాండ్రైట్ల గురించి రెండు మాటలు చాలు. 1969 ఫిబ్రవరిలో మెక్సికోలో పడిన అయెండే రెండు టన్నుల పైన దొరికింది, ఇప్పటికీ మామూలు మనుషులు కొనగలిగే ధరలో ఉంది. చందమామ రాళ్ళ కోసం ల్యాబులన్నీ సిద్ధమై ఎదురుచూస్తున్న సంవత్సరంలోనే పడటం దాని అదృష్టమో, శాస్త్రజ్ఞుల అదృష్టమో. నేను చెప్పిన ఆ పాత తెల్లటి మచ్చలు అందులో కంటికే కనిపిస్తాయి. 2017లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురలో పడినది సీఎం రకం, నీటి ప్రభావం బాగా ఉన్నది. అలాంటివి చేతిలో పొడి రాలుతాయి, మన వాతావరణంలో ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు.

ఇక సేకరణ. రకానికొకటి అనే ఆలోచన వద్దు. స్టాంపుల ఆల్బమ్ పద్ధతి అది. రెండేళ్ళలో పదిహేను పెట్టెల్లో పదిహేను నల్ల ముక్కలుంటాయి, వాటిలో ఏది ఏదో లేబుల్ తీసేస్తే మీకే తెలీదు. నా మాట వింటే, ఒకే వర్గంలో వరుస కొనండి. ఎల్3, ఎల్4, ఎల్5, ఎల్6 నాలుగు పలచటి ముక్కలు, ఒక్కోటి ఐదు పది గ్రాములు, అన్నీ పేరున్నవి, ఒక ముఖం పాలిష్ చేసినవి. పక్కపక్కన పెట్టి నెల రోజులు చూడండి. పూసలు మసకబారే తీరు కంటికి అలవాటైతే, ఆ తర్వాత ఏ రాయి చేతికొచ్చినా మీకు ఏదో ఒకటి చెబుతుంది. అది అయ్యాక ఒక హెచ్, ఒక ఎల్‌ఎల్ చేర్చండి. ఎల్‌ఎల్ కోసం చెల్యాబిన్‌స్క్ బాగుంటుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో అద్దాలు పగలగొట్టి వెయ్యి మందికి పైగా గాయపరిచినదే, ఎల్‌ఎల్5. పడ్డ కొత్తలోనే ఏరినవి కాబట్టి తుప్పు తక్కువ. నకిలీలు తిరుగుతుంటాయి, జాగ్రత్త. తర్వాత అయెండే ఒకటి, సహారా యూక్రైట్ ఒకటి. అక్కడ కొంతకాలం ఆగండి. చందమామ, కుజుడి ముక్కలు వీటితో పోలిస్తే చాలా ఖరీదు. చిన్న డబ్బాలో ఆవగింజంత నలుసు కొని సంబరపడే వయసులో తప్పేం లేదు గానీ, అందులో నేర్చుకునేది ఏమీ లేదు.

ఎన్‌డబ్ల్యూఏ అంటే వాయవ్య ఆఫ్రికా. మొరాకో, అల్జీరియా ఎడారుల్లో సంచార జనం ఏరి ఎర్ఫూద్ లాంటి ఊళ్ళ బజార్లలో అమ్మితే, కచ్చితంగా ఏ ఇసుకదిబ్బ మీద దొరికిందో తెలియని రాళ్ళకు ఈ పేరుతో వరుస సంఖ్య ఇస్తారు. ఒమన్‌వి అయితే దోఫార్, సయ్ అల్ ఉహైమిర్ లాంటి పేర్లతో వస్తాయి. చిలీలోని అటకామా నుంచీ చాలా వస్తున్నాయి. ఎడారే ఎందుకంటే, వాన లేక రాయి వేల ఏళ్ళు నిలుస్తుంది, లేత నేల మీద నల్లరాయి కనిపిస్తుంది. అంటార్కిటికాది ఇంకో కథ. హిమానీనదం కొండకు తగిలి పైకి లేచి, గాలికి మంచు అరిగిపోయేచోట నీలం మంచు మీద లోపలి ఉల్కలు బయటపడి పోగవుతాయి. 1969లో జపాన్ వాళ్ళు యమాటో కొండల దగ్గర ఒకేచోట తొమ్మిది రాళ్ళు ఏరి, అవి వేర్వేరు రకాలని తేలాక ఈ సంగతి లోకానికి తెలిసింది. అంటార్కిటికా ఉల్కలు పరిశోధనకే, అమ్మకానికి ఉండవు. "అంటార్కిటికా ఉల్క, డిస్కౌంట్ ధర" అని ఎవరైనా పెడితే ఆ పేజీ మూసేయండి.

మన దేశంలో పడినవాటి సంగతి కూడా అంతే. వాటిని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు అప్పగించాలి, జాతీయ భాండాగారం కోల్‌కతాలో వాళ్ళ దగ్గరే ఉంది. విస్సన్నపేట ముక్క అమ్ముతామని ఎవరైనా వస్తే అది వాళ్ళ చేతికి ఎలా వచ్చిందో ముందు అడగండి. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడి యాటూర్ పేరుతో నమోదైన హెచ్5 ఉంది, మీ బేరం ముక్క రకమే. 1870లో విజయనగరం వైపు పడిన నెడగొల్ల ఇనుప ఉల్క ఉంది. ఇలాంటి పాత భారతీయ ముక్కలు బ్రిటిష్ కాలంలోనే విదేశీ మ్యూజియంలకు చేరాయి. అక్కడి మార్పిళ్ళలో బయటికొచ్చిన ముక్కలు పాత మ్యూజియం లేబుళ్ళతో అరుదుగా కనిపిస్తాయి. ఆ లేబుల్ లేకపోతే ముట్టుకోవద్దు. బయటి నుంచి తెప్పించేటప్పుడు కస్టమ్స్ సుంకం పడొచ్చు, ఇన్‌వాయిస్‌లో వస్తువు ఏమిటో, ధర ఎంతో నిజం రాయించండి.

కొన్నదాన్ని కాపాడుకోవడం కొనడం కంటే కష్టం, మన దగ్గర మరీనూ. మొరాకో నుంచి వచ్చిన రాయి కృష్ణా డెల్టా గాలి పీల్చగానే రెండు వానాకాలాల్లో రంగు మారుతుంది. లోహపు రేణువు చుట్టూ ముందు గోధుమ రంగు చుక్క వస్తుంది, తర్వాత చెమట బొట్టులా తడి మెరుపు, ఆ తర్వాత పెచ్చు లేస్తుంది. దీనికి అసలు దోషి క్లోరైడ్. ఎడారి మట్టిలోంచి కొంత వస్తుంది, మన వేళ్ళ చెమటలోంచి కొంత, కుళాయి నీళ్ళలోంచి కొంత. అందుకని ఉత్త చేతులతో పట్టుకోవద్దు. రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్. రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ వేయండి. జూన్ నుంచి తుపాన్లు తగ్గే దాకా నెలకొకసారి తప్పదు. షోకేసులో పెట్టి లైటు వేయాలన్న కోరిక అందరికీ ఉంటుంది. ఏసీ వేసి ఆపే గదిలో ఆ షోకేసు అద్దం మీద పట్టే చెమ్మ చూడండి, కోరిక తీరిపోతుంది. మరక మొదలైతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆవిరయ్యాక సన్నటి వేడి మీద ఆరబెట్టండి. నూనె, వార్నిష్ పూయమని కొందరు చెబుతారు. నాకిష్టం లేదు, తర్వాత ఎవరైనా పరీక్ష చేయాలంటే అదో తలనొప్పి.

రాయి కోయించాలంటే మార్బుల్ కట్టింగ్ షాపుకు మాత్రం తీసుకెళ్ళకండి. ఆ మందపు బ్లేడుకు ప్రతి కోతలో రెండు మూడు మిల్లీమీటర్ల రాయి బురదగా పోతుంది, పైగా బోరు నీళ్ళు పోసి కోస్తారు. పలచటి వజ్రపు బ్లేడున్న రత్నాలు కోసేవాళ్ళను వెతుక్కుని, నీళ్ళ బదులు ఆల్కహాల్ వాడటానికి, ఆ మంట జాగ్రత్తలకు ఒప్పుకుంటేనే ఇవ్వండి.

సొంతంగా వర్గీకరించవచ్చా అని మీరు నేరుగా అడగలేదు గానీ, ఇవాళ కాకపోతే రేపు అడుగుతారు. సగం దాకా చేయొచ్చు. కాండ్రైటా కాదా, సుమారుగా ఏ టైపు, తుప్పు ఎంత అన్నవి భూతద్దంతో, మంచి సెక్షన్‌తో మీరే చెప్పగలరు. సెక్షన్ అంటే రాతి పొరను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు పలక మీద అతికించడం. జియాలజీ డిపార్ట్‌మెంట్లలో ఆ పని వచ్చినవాళ్ళు, పెట్రోలాజికల్ మైక్రోస్కోపు ఉంటాయి. అడిగితే చూపించే మాస్టార్లు మన యూనివర్సిటీల్లో ఇంకా ఉన్నారు. అయితే హెచ్, ఎల్ తేల్చాలంటే ఖనిజంలో ఇనుము పాలు కొలిచే ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ కావాలి. ఆకాండ్రైట్లకైతే చాలాసార్లు ఆక్సిజన్ ఐసోటోపుల లెక్క కూడా కావాలి. ఒక శకలం నుంచి వచ్చిన రాళ్ళన్నిటికీ ఆ లెక్క ఒకే గీత మీద పడుతుంది, అదే వాటి ఇంటిపేరు. అధికారికంగా పేరు రావాలంటే రాయిలో 20 గ్రాములు గానీ 20 శాతం గానీ, రెండిట్లో ఏది తక్కువైతే అది, గుర్తింపున్న సంస్థలో శాశ్వతంగా జమ చేయాలి.

చివరగా మీ బాబాయిగారి రాయి. రంధ్రాలున్నాయన్నారు కదా, నాకు ఆశ లేదు. రాతి ఉల్కల్లో గాలి బుడగల రంధ్రాలు దాదాపు ఉండవు. ఉల్క మీద ఉండేవి బొటనవేలితో నొక్కినట్టు లోతు తక్కువ సొట్టలు, పైన మిల్లీమీటరు కంటే పలచటి కాలిన పొర. నల్లగా, బరువుగా, బుడగలతో, కాస్త అయస్కాంతం పట్టేది మన వైపు ఎక్కువగా కొలిమి చిట్టెం. పాత ఇనుప కొలుములు నడిచిన ఊళ్ళలో పొలాల్లోంచి ఇప్పటికీ నాగలికి తగులుతుంటుంది. ఫౌండ్రీ వ్యర్థం రోడ్డు మెరకకు పోసినచోట కూడా దొరుకుతుంది. ఇంకా నా దగ్గరకు వచ్చేవాటిలో నల్లటి డోలరైట్ గుండ్లు, లేటరైట్ ఉండలు, ఒంగోలు వైపు మాగ్నెటైట్ రాళ్ళు, సిమెంటు మిల్లుల్లో అరిగిపోయి పారేసిన ఉక్కు గుండ్లు ఉంటాయి. ఆ గుండ్లు తెచ్చినవాళ్ళే ఎక్కువ బతిమాలుతారు, ఎందుకంటే అవి నిజంగానే విచిత్రంగా కనిపిస్తాయి. పిడుగు పడ్డచోట దొరికిందని చెప్పినా ఉల్కకు ఆధారం కాదు. పిడుగుకీ ఉల్కకీ సంబంధం లేదు.

అయినా పరీక్ష చేయకుండా పారేయొద్దు. వంటింటి కాటా మీద సగం నీళ్ళున్న బకెట్ పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా చూపించే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం. రాయి బరువు 2,100 గ్రాములై, కాటా 620 చూపిస్తే, భాగిస్తే 3.39. కాండ్రైట్లు 3.2 నుంచి 3.8 మధ్య వస్తాయి. గ్రానైట్ 2.7 లోపు, డోలరైట్ 3 దగ్గర, మాగ్నెటైట్ 5 పైన. చిట్టెం ఎక్కడైనా రావొచ్చు, అందుకే ఇది ఒక్కటే చాలదు. తర్వాత గచ్చు టైలు వెనక గరుకు వైపు గట్టిగా గీయండి. ఎర్రటి గీత పడితే హెమటైట్, చిక్కటి నల్ల గీత పడితే మాగ్నెటైట్. రెండూ కాకపోతే ఒక మూల గోరంత మేర అరగదీసి లోపల చూడండి. లోహపు రేణువులు కనిపిస్తే ఆకురాయితో కొంచెం పొడి రాల్చి, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో డైమిథైల్‌గ్లయాక్సిమ్‌తో నికెల్ పరీక్ష చేయించండి. గులాబీ రంగు రావాలి. రాకపోతే కథ అక్కడితో సరి.

ఈలోపు ఎవరైనా వచ్చి "నాసా వాళ్ళు కోట్లిచ్చి కొంటారు, టెస్టింగ్‌కు అడ్వాన్స్ కట్టండి" అంటే మీ బాబాయిగారిని గట్టిగా ఆపండి. రైస్ పుల్లర్ పేరుతో చెంబులు అమ్మిన గ్యాంగులు వాడే మాటలే అవి, బియ్యపు గింజ స్థానంలో ఉల్క వచ్చిందంతే. టెస్టింగ్‌కు ముందుగా డబ్బడిగేవాళ్ళు ఎవరూ శాస్త్రజ్ఞులు కారు. నికెల్ నిజంగా వస్తే జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదు బండ్లగూడలో ఉంది, వాళ్ళకు రాయండి. దొరికిన చోటు మ్యాప్ లొకేషన్, తేదీ, మీరు తీసిన కొలతలు జత చేయండి.

అరగదీసిన మూల ఫొటో ఇక్కడ పెడితే నేనూ చూస్తాను. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి తీయండి. రూపాయి బిళ్ళ పెట్టకండి, ఇప్పుడు ఒక్కో ఏడాది బిళ్ళ ఒక్కో సైజులో ఉంటోంది.